పిల్లల చేతిలో ఫోను – కొలత ఎట్లా?



కుటుంబ దర్శనాలకు ఏ ఊరు వెళ్లినా ఈ రోజులలో తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పుకునే బాధ ఒకటే. "అయ్యగారూ, మావాడు ఫోను వదలడం లేదండీ." ఆ వెంటనే ఒక ప్రశ్న కూడా అడుగుతారు: "రోజుకు ఎన్ని గంటలు చూస్తే ఫరవాలేదండీ?" నేను ఒక అంకె చెబితే చాలు, ఆ అంకె దాటిన బిడ్డను దండించడానికి, దాటని బిడ్డను మరచిపోవడానికి సిద్ధంగా ఉంటారు. అందుచేత నేను అంకె చెప్పను. ఎందుకు చెప్పనో ఈ నెల కాస్త వివరంగా వ్రాస్తున్నాను. దీనిని చిన్న విషయమని తీసివేయకండి. ఈ ఒక్క అంకెను పట్టుకొని ఆడపిల్లను చదువు మాన్పించాలని కూర్చున్న ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటి సంగతి కొంచెం ఆగి చెబుతాను.

కొనుగోలు కేంద్రానికి ధాన్యం తోలిన రైతులకు ఒక అనుభవం ఉంటుంది. అక్కడ కాటా వేయకముందే బస్తాలో నుండి గుప్పెడు గింజలు తీసి తేమ యంత్రంలో పోస్తారు. తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబెట్టుకొని రమ్మంటారు. రెండు బస్తాల బరువు ఒకటే కావచ్చు; ఒకటి గట్టి గింజ, మరొకటి పచ్చి గింజ. కాటా ఆ తేడా చెప్పలేదు. ఫోను మీద గడిపిన గంటలు చూడడం కాటా వేయడం వంటిది.

పైగా ఆ కాటా కూడా సరిగా పనిచేయదు. నిన్న ఫోను ఎంతసేపు చూశావని అడిగితే పిల్లలే కాదు, పెద్దలమైన మనమూ సరిగా చెప్పలేము. దక్షిణాఫ్రికాకు చెందిన డగ్లస్ పారీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఈ విషయం మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసి 2021లో ఒక సంగతి ప్రకటించారు. మనుషులు నోటితో చెప్పే సమయానికి, ఫోను తనంతట తాను నమోదు చేసుకున్న సమయానికి పొంతన అంతంత మాత్రమే. ఫోను సెట్టింగ్స్‌లో 'డిజిటల్ వెల్‌బీయింగ్' అని ఒక చోటు ఉంటుంది. ఏ యాప్ ఎన్ని నిమిషాలు తెరచి ఉన్నదో అక్కడ కనిపిస్తుంది. నోటిమాట కంటే అది నయమే. అయితే మన ఇండ్లలో జరిగేది ఏమిటి? పగలు ఆ ఫోను తండ్రితో పొలం వెళ్తుంది. సాయంత్రం తల్లి దానిలో వాట్సాప్ చూస్తుంది. తరువాత అక్కా తమ్ముడూ వంతులు వేసుకుంటారు. నాలుగు గంటలు అని ఫోను చూపిస్తే ఆ నాలుగు గంటలు ఎవరివి? ఫోనుకు తెలియదు. కాని నింద మాత్రం చివరగా ఎవరి చేతిలో కనబడితే వారిమీద పడుతుంది.

ఈ చిక్కును చూసిన పరిశోధకులు గంటలను ప్రక్కకు పెట్టి లక్షణాలను అడగడం మొదలుపెట్టారు. 2012లో నార్వే దేశంలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన సిసిలీ ఆండ్రియాసెన్, ఆమె బృందం ఫేస్‌బుక్ వాడకం మీద ఆరు ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. తరువాత 2016 నాటికి దానినే సోషల్ మీడియా అంతటికీ సరిపడేలా మార్చారు. ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి నుండి ఐదు వరకు మార్కులు, అంతా కలిపి 30. హంగేరీ దేశంలో 5,961 మంది బాలబాలికలను ఈ కొలమానంతో పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 19 మార్కులను గీతగా పెట్టుకుంటే నూటికి నలుగురైదుగురు, లెక్కకు 4.5 శాతం మంది, ప్రమాదంలో ఉన్నట్లు తేలింది.

మన తల్లిదండ్రులకు దీనికంటే ఉపయోగపడే కొలమానం మరొకటి ఉన్నది. దానిని 2016లోనే నెదర్లాండ్స్ దేశంలో రెజీనా వాన్ డెన్ ఐండెన్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి ప్రకటించారు. 10 నుండి 17 ఏండ్ల పిల్లల మీద పరీక్షించి కూర్చినది. తొమ్మిది ప్రశ్నలు, అవును, కాదు అని రెండే జవాబులు, గడచిన ఒక్క సంవత్సరం గూర్చే అడుగుతారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వీడియో ఆటల వ్యసనానికి వ్రాసుకున్న లక్షణాలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నలు తయారుచేశారు. వాటి సారాంశం నా మాటలలో చెబుతాను. మళ్లీ ఎప్పుడు ఫోను దొరుకుతుందా అన్న ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోతున్నదా? ఎంత చూసినా ఇంకా చాలలేదని వెలితిగా ఉంటున్నదా? చూడడానికి వీలులేనప్పుడు మనసు పాడవుతున్నదా? తగ్గించుకోవాలని తానే అనుకొని తగ్గించుకోలేకపోయాడా? ఆటలు, ఇష్టమైన పనులు దీనికోసం విడిచిపెట్టాడా? దీనివలన నలుగురితో తగవులు వస్తున్నాయా? ఎంతసేపు చూశాడో అన్నదానిపై అబద్ధాలాడుతున్నాడా? బాధ మరచిపోవడానికి దీనిలో దూరుతున్నాడా? తల్లిదండ్రులతో, తోబుట్టువులతో పెద్ద గొడవలు అయ్యాయా?

ఈ తొమ్మిదింటిలో 'ఎన్ని గంటలు' అన్న ప్రశ్న లేదు. గమనించారా?

నెదర్లాండ్స్ వారు ఐదు 'అవును'లను గీతగా పెట్టారు. ఐదు, అంతకు మించి వస్తే ఆ బిడ్డ వాడకం సమస్యగా మారినదని అర్థం. తరువాత ఇదే ప్రశ్నావళిని ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి జరిగే బడిపిల్లల ఆరోగ్య సర్వేలో చేర్చారు. అక్కడ గీత ఆరు దగ్గర గీశారు. దీనిని బట్టి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గీతలు మనుషులు ఆలోచించి, లెక్కలు చూసి గీసినవే. ఐదు వచ్చిన బిడ్డ చెడిపోయినట్టు, నాలుగు వచ్చిన బిడ్డ క్షేమంగా ఉన్నట్టు ఏ పరిశోధకుడూ చెప్పడు.

ఆ సర్వే ఫలితాలు 2024 సెప్టెంబరులో బయటికి వచ్చాయి. యూరపు, మధ్య ఆసియా, కెనడాలలోని 44 దేశాలు, ప్రాంతాలలో 11, 13, 15 ఏండ్ల పిల్లలను 2022 ప్రాంతంలో అడిగారు. దాదాపు 2,80,000 మంది జవాబులిచ్చారు. సమస్యగా వాడుతున్నవారు 2018లో 7 శాతం ఉండగా 2022లో 11 శాతం అయ్యారు. ఆడపిల్లలలో 13 శాతం, మగపిల్లలలో 9 శాతం. పెరుగుదల నిజమే, ఆలోచించవలసినదే. అయితే ఈ అంకెనే తిప్పి చదవండి. నూటికి 89 మంది ఆ గీతకు ఇవతలే ఉన్నారు. పత్రికలలో 'ఒక తరమంతా ఫోనుకు బానిసైంది' అని పెద్ద అక్షరాలతో వ్రాసేవారు ఈ రెండవ అంకెను వ్రాయరు.

మరొక విషయం కూడా నా మనసుకు తట్టింది. ఇదే సర్వే 2018 నాటి వివరాలను, 29 దేశాలకు చెందిన లక్షన్నరకు పైగా పిల్లల జవాబులను, మార్టయె బూర్ అనే పరిశోధకురాలు తన బృందంతో పరిశీలించి 2020లో ప్రకటించారు. అందులో ఎక్కువసేపు వాడేవారిని ఒక గుంపుగాను, పై ప్రశ్నల ప్రకారం సమస్యగా వాడేవారిని మరొక గుంపుగాను విడదీశారు. సమస్యగా వాడేవారికి ఏ దేశంలో చూసినా మనశ్శాంతి తక్కువే. ఎక్కువసేపు వాడేవారి సంగతి మాత్రం దేశాన్ని బట్టి మారింది. అందరూ ఎక్కువగా వాడే దేశాలలో ఈ పిల్లలకు స్నేహితుల ఆదరణ, ఇంటివారి ఆదరణ ఎక్కువగానే ఉన్నట్లు కనబడింది. అంటే ఎక్కువగా చూడడం ఒకటి, చిక్కుకొనిపోవడం మరొకటి. మన వాడుకలో రెండిటికీ ఒకే మాట ఉన్నది: 'ఫోను పిచ్చి'. ఆ ఒక్క మాటే చాలా కీడు చేస్తున్నది.

ఇదంతా పైదేశాల కొలమానం. మన ఇండ్లకు దానిని తెచ్చుకునే ముందు ఒక తేడా చూసుకోవాలి. ఈ ప్రశ్నలు తయారైన చోట బడిపిల్లవాడికి సొంత ఫోను ఉండడం మామూలు. మన గ్రామాల సంగతి 'అసర్' సర్వేలో స్పష్టంగా ఉన్నది. 2023లో దేశంలోని 28 జిల్లాలలో 14 నుండి 18 ఏండ్ల గ్రామీణ పిల్లలను ఆ సంస్థవారు కలుసుకున్నారు. నూటికి 90 ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నది. దానిని వాడడం తెలిసిన మగపిల్లలలో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉన్నది. ఆడపిల్లలలో 19.8 శాతం మందికే ఉన్నది. 2024 సర్వేలో 14 నుండి 16 ఏండ్ల పిల్లలను అడిగితే అంతకుముందు వారంలో చదువు పనికి ఫోను వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం అని తేలింది. వాడకం మన దగ్గరా ఉన్నది. కాని సొంతానికి, అరువుకు ఉన్న తేడా కొలత మీద ఎలా పనిచేస్తుందో నేను పైన చెప్పిన ఇంట్లోనే చూశాను.

ఆ ఇంట్లో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి, తొమ్మిదవ తరగతి చదివే తమ్ముడు. తండ్రి ఆటో నడుపుకుంటాడు. సెలవుదినాన అమ్మాయి ఖాతాలో నాలుగు గంటలు కనబడ్డాయి. చదువు చాలించి సంబంధం చూద్దామని పెద్దవాళ్లు నిర్ణయించుకొని, నాతో ఒక మాట అనిపించుకోవాలని వచ్చారు. నేను ఏమీ అనలేదు. మా ఇంటామె రెండు మూడు సాయంత్రాలు ఆ అమ్మాయితో కూర్చొని, పప్పు ఏరుకుంటూ, మిరపకాయలు తొడిమలు తీసుకుంటూ, ఈ తొమ్మిది సంగతులూ మాటల మధ్యలో అడిగింది. కాలేజీ గ్రూపులో నోట్సు, నర్సింగు చదువుల గూర్చి వీడియోలు, హైదరాబాదులో ఉన్న మేనత్త కూతురితో కబుర్లు, ఒక గంటో గంటన్నరో రీల్స్. "మానమంటే మానేస్తాను అమ్మగారూ. కాని మా క్లాసు వాళ్లలో నేనొక్కదాన్నే లేకుండా పోతాను" అన్నదట. ఆమెకు వచ్చిన 'అవును'లు మూడు: అబద్ధాలు చెప్పడం, తగవులు, ఇంట్లో గొడవ. ఆ మూడూ ఎందుకు వచ్చాయి? ఆడపిల్ల ఫోను పట్టకూడదని ఆ ఇంట్లో నియమం ఉన్నది కాబట్టి. పది నిమిషాలు చూసినా అబద్ధం చెప్పక తప్పదు. పట్టుబడితే గొడవ తప్పదు.

తమ్ముడు రాత్రి పూట గంటన్నర చూస్తాడు. వాడిని అడిగేవారు లేరు, కాబట్టి అబద్ధం చెప్పే అవసరం లేదు, గొడవ లేదు. ఆ ప్రశ్నలన్నిటికీ వాడి జవాబు 'కాదు'. వాడితో నేను మాట్లాడాను. వాలీబాలు ఆడడం మానేసి నాలుగు నెలలైంది. నెట్ బ్యాలెన్సు అయిపోయిన రోజు అన్నం దగ్గర కూర్చోడు. తరగతిలో నత్తి అని వెక్కిరిస్తారని, ఇంటికి రాగానే అది మరచిపోవడానికి ఫోను తీస్తాడు. బడిలో ఉన్నంతసేపూ దాని మీదే ధ్యాస. రెండుసార్లు తనంతట తానే ఆ యాప్ తీసేసి, రెండుసార్లూ మూడవ రోజున మళ్లీ పెట్టుకున్నాడు. ఈ చివరిది విన్నప్పుడు నాకు జాలి వేసింది. ఎవరూ చెప్పకుండానే ఆ వయసులో వాడు ఒంటరిగా పోరాడుతున్నాడు, ఇంట్లో ఒక్కరికీ తెలియదు. వాడికి ఐదు 'అవును'లు. నెదర్లాండ్స్ గీత ప్రకారం దాటినట్టు, ఆరోగ్య సర్వే గీత ప్రకారం దాటనట్టు. ఆ ఇంట్లో ఎవరైనా వాడిని ఒక్కసారి గట్టిగా అడ్డగించి ఉంటే గొడవ జరిగి ఆరవది కూడా వచ్చేది.

నేను వైద్యుడను కాను. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. ఆ తొమ్మిదింటిలో అబద్ధం, తగవు, ఇంటి గొడవ అనే మూడు ప్రశ్నలు మన ఊళ్లలో బిడ్డ స్థితితో పాటు ఇంటి కట్టుబాటును కూడా కొలుస్తాయి. కట్టడి ఎక్కువైతే ఆ మూడూ ఊరకే 'అవును' అవుతాయి. అడిగేవారు లేకపోతే ఆ మూడూ ఊరకే 'కాదు' అవుతాయి. కాబట్టి మిగిలిన ఆరింటిని ముందు చూడండి. ఆ ఆరింటిలో కూడా రెండు నాకు ముఖ్యంగా తోస్తాయి. ఒకటి, ఏమి విడిచిపెట్టాడు అన్నది. ఇది మీ కళ్లకు కనబడుతుంది. రెండవది, తానే మానాలని చూసి మానలేకపోయాడా అన్నది. ఇది వాడు చెబితే గాని మీకు తెలియదు. వాడు చెప్పాలంటే, చెప్పిన తరువాత చెంప మీద దెబ్బ పడదన్న నమ్మకం ఉండాలి. ఏ కొలమానమైనా పిల్లవాడి నిజమైన జవాబు మీదే నిలుస్తుంది. దుడ్డుకర్ర పట్టుకొని తొమ్మిది ప్రశ్నలు అడిగితే తొమ్మిది 'కాదు'లు వస్తాయి.

'బానిస', 'వ్యసనపరుడు' అనే మాటలు ఇంట్లో వాడవద్దని కూడా మనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల పట్టిక కొత్త కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. దానిలో వీడియో ఆటల వ్యసనం ఉన్నది గాని సోషల్ మీడియా వ్యసనం అనే వ్యాధి ప్రత్యేకంగా లేదు. పరిశోధకులు సహితం 'సమస్యాత్మక వాడకం' అని జాగ్రత్తగా పేరు పెట్టుకున్నారు. వారే అంత జాగ్రత్త పడుతుంటే, మనము వీధి అరుగు మీద కూర్చొని బిడ్డకు పేరు పెట్టడం న్యాయమా? ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్ల లోపువారికి చాలా సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం అమలు చేశారు. ఆ మంచి చెడ్డలు వేరే సంగతి. వయసును కొలవడానికి పుట్టినరోజు చాలు; మన ఇంట్లో బిడ్డ ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి అది చాలదు.

అడిగే పద్ధతి గూర్చి కొంచెం చెబుతాను. తండ్రి కంటే పిన్ని, మేనమామ, పెద్దక్క అడగడం మేలు. తొమ్మిదీ ఒక్క రోజున, కాగితం పట్టుకొని అడగవద్దు. పరీక్షల వారంలో అడగవద్దు. సెలవులలో కూడా అడగవద్దు, ఆ రోజులలో ఏ పిల్లవాడైనా ఎక్కువే చూస్తాడు. ప్రశ్న గడచిన సంవత్సరం గూర్చి కాబట్టి, నిన్న మొన్న జరిగిన ఒక్క గొడవను లెక్కలోకి తేవద్దు. బాధ మరచిపోవడానికే ఫోను చూస్తున్నానని బిడ్డ చెబితే అక్కడ ఆగండి, ఫోను సంగతి ప్రక్కన పెట్టి ఆ బాధ ఏమిటో అడగండి. ఆ పిల్లవాడి విషయంలో అసలు సంగతి నత్తి. ఫోను లాక్కుంటే నత్తి పోదు గదా.

ఆ అమ్మాయి పరీక్షలు వ్రాసింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను అటక మీద పెట్టాలని, అది అందరికీ, తండ్రికి కూడా వర్తించాలని ఒప్పుకున్నారు. తండ్రికే అది ఎక్కువ కష్టమైందని తల్లి నవ్వుతూ చెప్పింది. పిల్లవాడి విషయం అంత తొందరగా తెమలలేదు. వాలీబాలుకు వెళ్తున్నాడు. అన్నం మానడం తగ్గింది. బడిలో వెక్కిరింపు గూర్చి ఉపాధ్యాయుడితో మాట్లాడవలసి వచ్చింది, ఆ పని ఇంకా సాగుతున్నది.

ఇంటివారి వల్ల కానప్పుడు అడగడానికి చోట్లు ఉన్నాయి. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుండి దీనికోసమే 'షట్' అనే క్లినిక్కు నడుస్తున్నది. అంత దూరం పోలేనివారికి ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే సేవ ప్రారంభించింది. 14416 అనే నంబరుకు ఏ ఊరి నుండైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చేసేటప్పుడు 'మావాడు ఎన్ని గంటలు చూస్తాడంటే' అని మొదలుపెట్టకండి. ఏయే పనులు మానేశాడో, ఎప్పటినుండి మానేశాడో, తానుగా ఎన్నిసార్లు తగ్గించుకోవాలని చూశాడో, నిద్ర, అన్నం ఎట్లా ఉన్నాయో ముందుగా ఒక కాగితం మీద వ్రాసుకొని, అది దగ్గర పెట్టుకొని చేయండి.